గడియ అత్త నేర్పిన మాట

ఆపరేషన్ గది తలుపు దగ్గర కాపలా ఉండే ఆయాను ఆసుపత్రిలో అందరూ గడియ అత్త అనేవారు. ఆవిడ అడ్డం నిలబడితే పెద్ద డాక్టరుగారి బావమరిది కూడా చెప్పులు విప్పకుండా లోపలికి పోలేడు. ఒకసారి పోబోయాడు. చీపురు తిరగేసి వాయించింది. చెయ్యి ముందు, నోరు తర్వాత, అలాంటి మనిషి. ఆ గుణం ఊరికే రాలేదు లెండి. కట్టుకున్నవాడు తాగొచ్చి గొడ్డును బాదినట్టు బాదేవాడు. ఒక పూట ఆవిడ పొయ్యిమీద మరిగే నీళ్లు తెచ్చి వాడి వీపున కుమ్మరించింది. వాడు అరుచుకుంటూ వీధిలో పడ్డాడు, మళ్లీ గడప తొక్కలేదు. పీడా వదిలిందనుకుని ఆవిడ ఆసుపత్రిలో పనికి కుదిరింది.

ఆ ఏడు సెలవుల్లో ఇంజనీరింగు చదివే విదేశీ పిల్లలు కొందరు వచ్చారు. జీతం భత్యం లేకుండా, మూలపడ్డ మిషన్లు బాగుచేస్తారట. "మనవాళ్లకి లేని నొప్పి వీళ్లకెందుకో!" అని అత్త మూతి తిప్పింది. వాళ్లలో ఒక పొడుగాటి పిల్ల మాత్రం స్క్రూడ్రైవరు కొప్పులో దోపుకుని అత్త చుట్టూనే తిరిగేది. అత్త దానికి కొంగ అని పేరు పెట్టింది. కొంగకు మన మాటలు కావాలి. అత్త గుమ్మంలో కూర్చోబెట్టుకుని నేర్పింది.

"బల్బు వెలగలేదనుకో, పోయింది అనాలి. ఫ్యాను తిరక్కపోతే పోయింది. మోటారా? అదీ పోయిందే."

ఇక చూడండి, కొంగ వార్డులన్నీ తిరిగి లైట్లు, కుళాయిలు చూపిస్తూ "పోయింది?" అని అడిగేది. నర్సులు పడీ పడీ నవ్వేవారు. ఆ మాట మనుషులకు కూడా వాడతామని అత్త చెప్పలేదు. పొద్దస్తమానం నోట్లో నలిగే మాటకు ఎన్ని అర్థాలున్నాయో ఎవరికి గుర్తుంటుంది?

ఒక మధ్యాహ్నం లారీ డ్రైవరు భార్యను కాన్పుకు తెచ్చారు. నెత్తురు ఆగడం లేదు. తెచ్చిన మంచంతోనే ఆపరేషన్ గదిలోకి తోసుకుపోయారు. వరండాలో డ్రైవరు, వాడి తమ్ముడు, తోటి లారీల వాళ్లు. అంతకుముందే ఎవరో చనిపోయారని జనం ఆసుపత్రి మీద పడ్డారు. ఆనాడు పగిలిన కిటికీలకు ఇంకా అట్టముక్కలే ఉన్నాయి.

లోపల నెత్తురు లాగే మిషను ఉన్నట్టుండి ఆగిపోయింది. కోసిన చోట నెత్తురు నిండిపోతుంటే డాక్టరమ్మకు ఏమీ కనబడటం లేదు. మిషను కనిపెట్టుకుని ఉన్న కొంగ, కాలితో తొక్కే పాత పంపు పక్క గదిలో ఉందని గుర్తొచ్చి బయటికి ఉరికింది. బట్టల నిండా నెత్తురు. డ్రైవరు దాన్ని ఆపేశాడు.

"ఏమైంది? మా ఆవిడకేమైంది?"

ఆ అడిగినదాంట్లో కొంగకు అర్థమైంది "ఏమైంది" ఒక్కటే. లోపలికి చెయ్యి చూపించి, "పోయింది! పోయింది!" అని అరిచింది.

డ్రైవరు దాని జుట్టు పట్టుకుని గోడకేసి కొట్టాడు. తమ్ముడు బల్ల ఎత్తి నర్సుల గది అద్దం మీదికి విసిరాడు. అడ్డొచ్చిన కాంపౌండరుకు పళ్లు రాలాయి. "చంపేశార్రా! ఒక్కణ్ణీ వదలొద్దు!"

"ఓరి మీ దుంపలు తెగ! పోయింది మిషను రా, మనిషి కాదు!" అని అత్త గొంతు చించుకుంది. ఎవరికి వినబడుతుంది? నా నోరు పడిపోను, నేనే కదా నేర్పాను అనుకుంటూ ఆవిడ ముందుకురికింది. డ్రైవరు మణికట్టు పట్టుకుని నెత్తురొచ్చేలా కొరికింది. వాడి పట్టు జారింది. కొంగ నుదురు పగిలి కారుతున్నా పక్క గదిలో దూరి పంపు తెచ్చింది. అత్త దాన్ని మెడపట్టి లోపలికి తోసేసింది.

అది బయటికి తెరుచుకునే రెండు రెక్కల తలుపు. లోపలి గడియ ఊడి చాన్నాళ్లయింది. అత్త రెండు పిడుల్లోంచీ తన కుడిచెయ్యి దూర్చింది.

"చెయ్యి తియ్యవే ముసలిదానా!"

"తియ్యను. లోపల నీ పెళ్లాం బతికుందిరా సన్నాసీ! మీరు లోపల పడితే అప్పుడు నిజంగానే పోతుంది."

తమ్ముడు సెలైను కట్టే ఇనప రాడ్డు పీకి తెచ్చాడు. మొదటి దెబ్బకే ఎముక విరిగింది. అత్త వాడి మొహాన ఉమ్మేసింది. మళ్లీ కొట్టాడు. మళ్లీ కొట్టాడు. ఆవిడ మోకాళ్ల మీద కూలింది గానీ చెయ్యి పిడుల్లోనే ఉంది.

లోపల పసిబిడ్డ కేర్‌మంది. వెంటనే డాక్టరమ్మ కేక, "అత్తా, తల్లి కూడా బాగుంది!"

రాడ్డు కింద పడింది.

అత్త చెయ్యి నుగ్గయిపోయింది. మోచేతి కిందికి తీసేశారు. తెలివి రాగానే ఆవిడ కొంగను పిలిచి, "ఇకమీదట ఆ మాట వద్దు. ఆగింది అను" అని గట్టిగా చెప్పింది. కొంగ తల ఊపింది.

కొన్నాళ్లకు డ్రైవరు బిడ్డను ఎత్తుకుని మంచం దగ్గరికొచ్చాడు. తల ఎత్తలేకపోతున్నాడు. "అత్తా... నీ చెయ్యి..." అని ఆగిపోయాడు.

నుదుట కట్టుతో పక్కనే నిలబడ్డ కొంగ మెల్లగా, "చెయ్యి ఆగింది" అంది.

అత్త ఫక్కున నవ్వింది. నవ్వుతుండగానే కళ్లలోంచి నీళ్లు దూకాయి. "ఆగలేదే పిచ్చిమొహమా, పోయింది. దీనికి ఆ మాటే."

తర్వాత డ్రైవరు వైపు తిరిగి, "బిడ్డని దానికిచ్చి ఇలా రా. వంగు" అంది.

వాడు వంగాడు. ఉన్న చేత్తో చెంప ఛెళ్లుమనిపించింది.

"నా చెయ్యి సంగతి నీ తమ్ముడితో తేల్చుకుంటా. ఇది దాని జుట్టు పట్టుకున్నందుకు."

ఆ చప్పుడుకు కొంగ చేతుల్లో బిడ్డ లేచి ఏడుపు లంకించుకుంది.