పదమూడో నంబరు

దయ్యం అనే మాట వింటే నాకు భయం కంటే ముందు నవ్వు వస్తుంది. గుంటూరులో ముప్ఫై ఏళ్లు ఫిజిక్సు పాఠం చెప్పినవాణ్ణి. శ్మశానం గోడ ఆనుకుని ఉన్న ఇంట్లో పదేళ్లు కాపురం చేశాను, హాయిగా గురకపెట్టి నిద్రపోయాను. ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మాలని కూడా నేను అనను. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

ఎనభైల్లో మా ఊళ్లో పర్వతారోహణ క్లబ్బు పెట్టామంటే అందరూ నవ్వారు. "కొండలెక్కడున్నాయిరా ఇక్కడ, మిరపకాయల బస్తాలెక్కుతారా?" అని అడిగేవాళ్లు. బస్తాలు కాదు గానీ పత్తి బేళ్లు ఎక్కేవాళ్లం. మా సుబ్బారావు గుమాస్తాగా పనిచేసే జిన్నింగు మిల్లులో అవి ఇంటెత్తున పేర్చి ఉండేవి. ఆదివారం పొద్దున్నే వాటికి తాళ్లు కట్టుకుని ఎక్కడం, దిగడం, ఒళ్లంతా దూదితో ఇళ్లకు పోవడం. ఆ అవతారం చూసి మా అమ్మ దిష్టిబొమ్మ వచ్చిందనేది.

క్లబ్బు పెట్టింది డానియేలు మాస్టారు. మిషన్ స్కూల్లో డ్రిల్లు మాస్టరు. ఆయన పెట్టిన పద్ధతి ఒకటుంది. క్లబ్బులో ప్రతి మనిషికీ ఒక నంబరు. కొండ దిగేటప్పుడే కాదు, ఎవరింటికైనా టీ పార్టీకి వెళ్లి లేచేటప్పుడు కూడా వరసగా ఎవరి నంబరు వాళ్లు గట్టిగా పలకాలి. ఒకటి నాది. ఆయనెప్పుడూ అందరికంటే వెనక నడిచేవారు కాబట్టి ఆఖరిదైన పదమూడు ఆయనది. ఆయన గొంతు బొంగురుగా, బరువుగా ఉండేది. అది వినబడిందంటే అందరం ఉన్నట్టే.

ఒక వేసవిలో మాస్టారు గుండెపోటుతో పోయారు. నేను సెక్రటరీనయ్యాను. అప్పట్లో నా మీద నాకు అపారమైన నమ్మకం. ఆ సీజను కార్యక్రమాలు నేనే రాసి సైక్లోస్టైలు తీయించి పంచాను. నవంబరులో కొండవీడు, ఆ మరుసటి ఆదివారం వాడరేవులో పిక్నిక్, డిసెంబరులో మాస్టారి ఇంట్లోనే క్రిస్మస్ టీ, జనవరిలో నల్లమలలో మూడు రోజుల క్యాంపు. పదమూడో నంబరు జాబితాలోంచి కొట్టేశాను. చివర ఒకరు నడవాలన్న నియమం కూడా తీసేశాను. తెలిసిన దారికి కాపలా ఎందుకులే అనుకున్నాను.

ఆ సీజనులోనే మా చెల్లెలు విమల చేరింది. ఒంగోలులో హాస్టల్లో ఉండి చదువు ముగించుకుని మాస్టారు పోయిన రెండు నెలలకు ఇంటికొచ్చింది. బదిలీ మీద వెళ్లినాయన తొమ్మిదో నంబరు దానికిచ్చాను. క్లబ్బులో అదొక్కతే ఆడపిల్ల. మా అమ్మ గడపలో నిలబడి, "దాన్ని ఎట్టా తీసుకెళ్తున్నావో అట్టాగే తీసుకురావాలి. లేకపోతే నువ్వూ రావద్దు" అంది. నేను నవ్వి, "నీ కూతుర్ని నీ చేతిలో పెట్టకపోతే నా పేరు మార్చుకుంటానమ్మా" అన్నాను.

కొండవీడు ఎక్కడం హాయిగా జరిగింది. పైన చెరువు గట్టున పులిహోర తిన్నాం. మూడింటికి మబ్బు పట్టింది. దిగుదామని నంబర్లు పిలిచాను. పన్నెండూ పలికాయి. నేను ముందు నడిచాను, మిగతావాళ్లు నా వెనక.

సగం దూరం దిగాక పాత రాతి ద్వారం వస్తుంది. అక్కడ తుంపర మొదలైతే ఆగి మళ్లీ నంబర్లు పిలిచాను. ఎనిమిది తర్వాత ఎవరూ పలకలేదు.

సుబ్బారావు ముందుకొచ్చాడు. వాడిది పదో నంబరు. "అన్నా, పైన తొమ్మిది నేనే పలికాను. వెనకాల బూటు తాడు కట్టుకుంటందిలే, వచ్చేస్తదనుకున్నా" అన్నాడు. కాలేజీలో స్నేహితుడి హాజరు మనం పలికినట్టు, ప్రాక్సీ. పదేళ్లుగా నా క్లాసులో నేను తిట్టే తప్పు. వాణ్ణి కొట్టబోయి ఆగాను. వెనక ఒక మనిషి నడిచి ఉంటే ఆ ప్రాక్సీ చెల్లేది కాదు. ఆ మనిషిని తీసేసింది నేనే.

ఇంకో గంటన్నరలో చీకటి పడుతుంది. కొండ మీద మొండి గోడలు, పాడుబడ్డ గుంటలు, ముళ్లపొదలు. ఎటని వెతకాలి? గొంతెత్తి పిలిచాం, ఈల వేశాం. జవాబు లేదు. ఏం తోచక, దానికి వినబడితే పలుకుతుందన్న ఆశతో, నంబర్లు మళ్లీ మొదటి నుంచి పలికించాను. ఎనిమిది దాకా పలికారు. తొమ్మిది దగ్గర ఆగాం. పది, పదకొండు, పన్నెండు అయ్యాయి.

"పదమూడు."

మేం వచ్చిన దారిలోంచి కాదు. కుడివైపు, దారే లేని చోట, పైనుంచి. బొంగురుగా, బరువుగా. పదకొండు మందిమీ విన్నాం. ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. సుబ్బారావు చేతులు జోడించాడు. నేను ఏమీ ఆలోచించలేదు, ఆ వైపు పరిగెత్తాను. తర్వాత ఎప్పుడు తలుచుకున్నా నన్ను ఆశ్చర్యపరిచేది అదే. ఎవరని అడగకుండా పరిగెత్తాను.

ముళ్లలోంచి ఇరవై నిమిషాలు ఎక్కాం. ఒక కూలిన గోడ వెనక, గడ్డి కప్పేసిన ఎండు తొట్టిలాంటి గుంటలో విమల కూర్చుని ఉంది. నిలువెత్తు లోతు. మడమ బెణికి వాచింది. పదకొండు మంది మగవాళ్ల ముందు చెప్పలేక, ఎవరికీ చెప్పకుండా పక్కకు వెళ్లి, తిరిగొస్తూ కాలు జారి పడిందట. తాళ్లు వేసి పైకి లాగాం. పత్తి బేళ్ల మీద నేర్చిన విద్య ఆ రోజుకు పనికొచ్చింది. దాన్ని పట్టుకుని నేను ఏడ్చేశాను, అందరి ముందే.

వీపు మీద మోసుకుని దిగుతుంటే అది నా చెవి దగ్గర అడిగింది.

"నంబర్లు అంత దగ్గర్నుంచి పలుకుతూ కూడా ఇంతసేపు రాలేదేంటి అన్నయ్యా? తొమ్మిది, తొమ్మిది అని గొంతు పోయేట్టు అరిచాను. గుంట ఒడ్డున ఉన్న పెద్దాయనైనా వంగి చూడలేదు. ఎవరాయన, పదమూడు?"

మాస్టారిని అది ఒక్కసారి కూడా చూడలేదు. పదమూడో నంబరు ఒకటుండేదని దానికి ఎవరూ చెప్పలేదు. ఇంటికెళ్లాక అమ్మ చేతిలో దాని చెయ్యి పెట్టాను. అమ్మ వాచిన మడమ చూసి నన్ను తిట్టిన తిట్లు వీధంతా విన్నది.

నాలుగు రోజుల తర్వాత సుబ్బారావును తీసుకుని మళ్లీ వెళ్లాను. వాణ్ణి గుంటలో నిలబెట్టి, నేను ద్వారం దగ్గర నిలబడ్డాను. ఇద్దరం ఒకరి తర్వాత ఒకరం గడియారం చూసుకుని, ముందే అనుకున్న నిమిషాల్లో గొంతు చించుకుని అరిచాం. నాకు వాడిదీ వినబడలేదు, వాడికి నాదీ వినబడలేదు. ప్రతిధ్వని అనుకుందామా? పన్నెండుకు ప్రతిధ్వని పన్నెండే అవుతుంది. మాలో ఎవరో గొంతు మార్చి పలికారా? బైబిలు మీద, భగవద్గీత మీద అందరి చేతా ఒట్టు పెట్టించాను. పెట్టించినా, ఆ గుంట దగ్గర విమల విన్నదాని సంగతేంటి? ఫిజిక్సులో నాకు దొరికిన జవాబులు ఇంతే. ఇవేవీ జవాబులు కావు.

వాడరేవు పిక్నిక్ మాత్రం మానలేదు. విమల కూడా వచ్చింది, చేతికర్ర పట్టుకుని. సాయంత్రం ఇసుకలోంచి లేచి నంబర్లు పలికాం. పన్నెండు అయ్యాక నోరు తెరిచి 'పదండి' అనబోయి ఆగిపోయాను. నేనే కాదు, అందరం ఆగాం. అలల చప్పుడు తప్ప ఏమీ వినబడలేదు. అప్పుడు కదిలాం.

క్లబ్బు ఉన్నన్నాళ్లూ అదే మా పద్ధతి అయింది. వెనక నడిచే పని నేను తీసుకున్నాను, కానీ ఆ నంబరు తీసుకోలేదు. ప్రతిసారీ పన్నెండు తర్వాత ఓ క్షణం చెవులు రిక్కించేవాళ్లం. ఆ గొంతు మళ్లీ ఎన్నడూ పలకలేదు. మళ్లీ ఎన్నడూ మేం ఎవరినీ వదిలి రాలేదు.