నడుము నాది, పరుపు ఎంచింది మా బావ

ఆ రోజు నాది ఫస్ట్ షిఫ్ట్. తుర్కపల్లిలో కంపెనీ క్యాబ్ దిగి, డ్యూటీ బట్టలు మార్చుకునే గౌనింగ్ రూములో బెంచీ మీద కూర్చుని, కాళ్ళకు బూటీలు, అంటే గుడ్డ తొడుగులు, వేసుకోవడానికి వంగాను. వంగినదాన్ని వంగినట్టే ఉండిపోయాను. నడుములో ఎవరో కొక్కెం వేసి పట్టుకున్నట్టయింది. పక్కనున్న అమ్మాయి నవ్వి, "ఏందక్కా, నేలకు దండం పెడుతున్నవా?" అంది. నాకు నవ్వూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఊపిరే అందలేదు.

ఇంజక్షన్ సీసాల విజువల్ ఇన్‌స్పెక్షన్ నా పని. దీపం ముందు స్టూలు మీద కూర్చుని, ఒక్కో సీసాను తిప్పి, లోపల నలుసు ఉందేమో చూడాలి. బీఎస్సీ చదివి, పెళ్ళయ్యాక మూడేళ్ళు ఇంట్లో పోరు పెట్టి తెచ్చుకున్న ఉద్యోగం అది. శామీర్‌పేట దగ్గర మా అత్తగారి వాళ్ళకు భూములున్నాయి. మా ఆయన వాళ్ళ అన్న, అంటే మా పెద్దబావ, ప్లాట్ల వ్యాపారం చేస్తాడు. "మనింటి కోడలు క్యాబ్ ఎక్కి పనికి పోవుడేంది" అని మొదటి రోజు నుంచీ ఆయనది ఒకటే పాట. అందుకే ఆ పొద్దున నొప్పి కంటే ముందు నన్ను భయం పట్టుకుంది. వీళ్ళకు వంక దొరికింది, ఉద్యోగం పోతుంది అనుకున్నాను.

మేడ్చల్‌లో ఒక ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించాం. ఎక్స్‌రే చూసి, "బోన్స్ నార్మల్. మజిల్ స్పాజమ్. టాబ్లెట్లు వాడండి, వారం రెస్ట్. గట్టి పరుపు మీద పడుకోవాలి," అన్నాడు. చీటీలో 'హార్డ్ బెడ్' అని రాసి, కింద గీత కూడా గీశాడు. ఎంత గట్టి, ఎవరికి గట్టి అని ఆయన చెప్పలేదు. మేమూ అడగలేదు. బయట ఇంకో ఇరవై మంది కూర్చుని ఉన్నారు.

ఆ ఆదివారం మా ఆయన, పెద్దబావ కలిసి పరుపు కొనడానికి బయలుదేరారు. "నేను గూడ వస్త," అన్నాను.

"నువ్వెందుకు సరితా గీ ఎండల? రెస్ట్ అన్నడు గద డాక్టరు. ఫోటోలు పంపుతం," అన్నాడు బావ.

పరుపు ఫోటో! చీర అయితే రంగన్నా తెలుస్తుంది. ఫోటోలో పరుపును చూసి ఏం తెలుసుకోవాలో నాకు ఇప్పటికీ అర్థం కాదు. పేట్ బషీరాబాద్‌లో ఒక పెద్ద షాపు నుంచి నాలుగు ఫోటోలు, వాటి వెనక ఒక వీడియో వచ్చాయి. వీడియోలో మా బావ పిడికిలి బిగించి పరుపును గుద్దుతున్నాడు. తర్వాత చెప్పులు విప్పి, దానిమీదికి ఎక్కి నిలబడ్డాడు. "జూడు, నేను నిలవడ్డ గూడ కుంగుతలేదు. మస్తు గట్టిగున్నది!" అన్నాడు. బావ తొంభై కిలోల పైనే ఉంటాడు. నేను నలభై ఎనిమిది.

పరుపు ఇంటికొచ్చింది. మీద పెద్ద అక్షరాలతో 'ఆర్థో' అని ఉంది. ప్లాస్టిక్ కవరు తీసేద్దామంటే, "ఉండనియ్, ఖరాబైతది," అన్నాడు మా ఆయన. కవరు మీదే దుప్పటి పరుచుకుని పడుకున్నాను. కదిలితే కరకరమని చప్పుడు, కదలకపోతే ఒళ్ళంతా చెమట. మొదటి వారం "అలవాటు కావాలె" అన్నారు. రెండో వారం "కొత్తది గద" అన్నారు. వారం సెలవు నెలకు సాగేసరికి కుడి తుంటి నుంచి పిక్క దాకా తిమ్మిరి దిగింది. పొద్దున మంచం దిగాలంటే మా అత్తమ్మ వచ్చి, రెండు చేతులూ పట్టి లేపాల్సి వచ్చేది. లేపుతూ రోజూ ఒకటే మాట: "మా కాలంల గీ పరుపులున్నయా? నేల మీద పండుకోలేదా?"

ఎమ్మారై తీయించాం. "ఎల్ ఫోర్, ఎల్ ఫైవ్ మధ్య డిస్క్ బల్జ్ ఉంది. నర్వ్‌కు కొంచెం తగులుతోంది. సర్జరీ అవసరం లేదు, ఫిజియోథెరపీ చేయించండి," అని ఇంకో డాక్టరు చెప్పాడు. సర్జరీ అవసరం లేదన్న మాట మా ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. అదే వారం కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. రెండు నెలల్లో ఫిట్‌నెస్ సర్టిఫికెట్ తెస్తేనే కాంట్రాక్టు రెన్యూ చేస్తారట.

"గంత మంచి పరుపు కొనిచ్చినంక గూడ నొస్తాందంటే, అది నౌకరీ తోటే," అని తీర్పు చెప్పాడు పెద్దబావ. "బంద్ జెయ్ ఇగ. మనకేం తక్కువ?"

ఆయన ఎంచిన పరుపుది తప్పు కాకూడదు కాబట్టి తప్పు నా స్టూలుది అయింది. మా ఆయన నేల చూపులు చూశాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. అయినా నోరు మెదపలేదు. ఆ కోపం మాత్రం నా మీద నాకే, ఇవాళ్టికీ తగ్గలేదు.

కొంపల్లి దగ్గర ఫిజియోథెరపీ చేసే మేడం మొదటి రోజు నన్ను ముట్టుకోలేదు. ప్రశ్నలే అడిగింది. "నొప్పి ఎప్పుడు ఎక్కువ?"

"పొద్దున లేవంగనే."

"సాయంత్రానికి?"

"కొంచెం నయం."

"డ్యూటీకి పోకుండా ఇంట్లో ఉన్నారు కదా, తగ్గిందా?"

"పెరిగింది."

ఆమె పెన్ను కింద పెట్టింది. "మరి స్టూలును ఎందుకు తిడుతున్నారమ్మా? పడుకుంటే పెరుగుతున్న నొప్పి ఇది. ఆ పరుపు మీరు పడుకుని చూసే కొన్నారా?"

జరిగింది చెప్పాను. ఆమె నవ్వలేదు. "గట్టి పరుపంటే గుంత పడనిదని అర్థం, చెక్క అని కాదు. మీ బావగారి బరువుకు అది సరిపోతుందేమో. మీ బరువుకు అది బండ," అంది. ఇంట్లో ఎలా చూసుకోవాలో కూడా చెప్పింది. వెల్లకిలా పడుకుని, నడుము కింద ఇంకొకరితో చెయ్యి పెట్టించుకోవాలి. చెయ్యి సులువుగా దూరిపోతే పరుపు మనకు మరీ గట్టిది. అసలు దూరకపోతే మరీ మెత్తది. కొంచెం ఇరుకుగా దూరితే సరైనది. "పరుపు మార్చి ఎక్సర్‌సైజులు మానేస్తే మాత్రం నా దగ్గరికి రావద్దు," అని కూడా అంది.

ఇంటికొచ్చి అత్తమ్మను పిలిచి చెయ్యి పెట్టమన్నాను. గాజులతో సహా మోచేతి దాకా దూరింది. "ఓ యవ్వో! పిల్లి దూరెటట్టున్నది గదనే!" అంది. నమ్మలేక రెండోసారి పెట్టి చూసింది. చెయ్యి తీసి గాజులు సర్దుకుంది. తర్వాత, "రేపు మనమిద్దరమే పోదం, నడువు," అంది.

అదే షాపు. మేనేజరు మా వెనక ఇంకెవరన్నా వస్తారేమోనని తలుపు వైపు చూశాడు. "సార్ రాలేదా మేడం?"

"సార్‌కు నడుము బాగానే ఉంది," అన్నాను.

"చేత్తో ఒత్తి చూడండి మేడం," అన్నాడు. నేను చెప్పులు విప్పి, చున్నీ సర్దుకుని, పరుపు మీద పడుకున్నాను. ఇంట్లో ఎట్లా పడుకుంటానో అట్లాగే, పక్కకు తిరిగి మోకాళ్ళు ముడిచి. అవతల సోఫాలు చూస్తున్న కుటుంబం మాటలు ఆపేసింది. పరాయి మగవాళ్ళ ముందు పడుకోవడం నాకు బుద్ధెరిగాక అదే మొదటిసారి. సిగ్గుతో ముఖం కాలిపోయింది. ఆ ఆదివారం నన్ను రావద్దన్నది ఎండ కోసం కాదు, ఈ చూపుల కోసమేనని అప్పుడు అర్థమైంది. అయినా లేవలేదు. ఒక్కోదాని మీద పావుగంట పడుకున్నాను.

"కస్టమర్లు చూస్తున్నారు మేడం," అని గొణిగాడు మేనేజరు.

"సూడనియ్," అంది అత్తమ్మ. "నడుము నొచ్చెటామె పండుకోకపోతె నువ్వు పండుకుంటవా?"

మూడో పరుపు మీద భుజమూ తుంటీ కొద్దిగా దిగాయి. నడుము దగ్గర ఖాళీ లేదు. వెల్లకిలా తిరిగితే అత్తమ్మ చెయ్యి ఇరుకుగా దూరింది. "గిదే," అన్నాను. అంతలో నా పక్కన పరుపు కుంగింది. తిరిగి చూస్తే అత్తమ్మ. చేతులు కడుపు మీద పెట్టుకుని, వెల్లకిలా పడుకుని, పైకప్పు చూస్తోంది.

"ఏమైంది అత్తమ్మా?"

"నాకు గూడ నొస్తది బిడ్డా. మీ బావ పుట్టినప్పటి సంది."

"ఎన్నడు చెప్పలేదేంది?"

"ఎవలడిగిండ్రు?"

నలభై ఏళ్ళ పైమాట. ఏ ప్లాటు ఎవరికి అచ్చొస్తుందో, ఏ దిక్కు తలుపు ఎవరికి నప్పుతుందో మా ఇంట్లో గంటలు గంటలు మాట్లాడతారు. ఈమె ఏ పక్కకు తిరిగి పడుకుంటుందో ఒక్కరికీ తెలియదు. నాకూ తెలియదు. ఆ నడుముతోనే నన్ను రోజూ పొద్దున లేపింది. నేను లేచి, డ్యూటీ గురించి ఏడ్చేదాన్ని తప్ప, ఒక్కనాడూ అడగలేదు.

రెండు పరుపులు తెచ్చుకున్నాం. ప్లాస్టిక్ కవర్లు అదే రోజు కత్తెరతో కోసి పారేశాను. "పాతదానికేమైంది? మంచిగనే ఉన్నది గద," అని పెద్దబావ ముఖం చిన్నబుచ్చుకున్నాడు. "మంచిగుంటె మీరే పండుకోండి బావా," అన్నాను. నిజంగానే తీసుకుపోయాడు. హాయిగా నిద్ర పడుతోందట. "సరిత వద్దన్నది గని, ఫస్ట్ క్లాస్ పరుపు," అని చుట్టాలందరికీ చెప్తున్నాడు.

ఆరు వారాలు ఒక్క రోజూ మానకుండా ఎక్సర్‌సైజులు చేశాను. కాలి తిమ్మిరి ముందు పిక్క దగ్గర తగ్గింది, తర్వాత తుంటి దగ్గర. డాక్టరు నా కాలు ఎత్తించి చూసి, "గుడ్. గంటకోసారి లేచి నాలుగడుగులు వేయాలి," అని ఫిట్‌నెస్ సర్టిఫికెట్ మీద సంతకం పెట్టాడు. గడువుకు ఇంకా నాలుగు రోజులున్నాయి. ఇప్పుడు ఫస్ట్ షిఫ్ట్ క్యాబ్ ఎక్కుతున్నాను. నొప్పి పూర్తిగా పోలేదు. బరువెత్తితే గుర్తు చేస్తుంది. కానీ ఉద్యోగం నాకుంది, మానెయ్యమనే మాట ఎత్తే ధైర్యం ఇప్పుడు ఇంట్లో ఎవరికీ లేదు.

ఏ పరుపు కొనాలని ఇప్పుడు అందరూ నన్ను అడుగుతున్నారు. నాకు తెలియదు. నా పరుపు మీకు బండ కావచ్చు, బురద కావచ్చు. చెప్పగలిగింది ఒక్కటే. నడుము ఎవరిదో వాళ్ళే షాపుకు పోయి, అందరూ చూస్తున్నా సరే, పావుగంట పడుకుని చూసి కొనండి. పోయేటప్పుడు, నొప్పి ఉందని ఎన్నడూ నోరు తెరవని ఆడమనిషి మీ ఇంట్లో ఉంటే, అడిగి ఆమెను కూడా వెంట తీసుకుపోండి.