పూత: కలదు

మా మేనత్త మెరుగుపెట్టిన కుండకు వార్నీషు పూసినామని చెప్పి, మార్కాపురం చేతిపనుల ప్రదర్శనలో దాన్ని పోటీలోనుంచి తీసేసినారు. వార్నీషు పూయలేదు. మన్ను పూసినాము. ఈ రెండు ముక్కలే నేను ఏళ్ల తరబడి ఆఫీసర్లకు రాసినాను. ఇప్పుడు మీకు రాస్తున్నాను. కోపం ఇంకా చల్లారలేదు మరి.

ఆ రోజుల్లో కోపానికి కూడా ఓపిక ఉండేది. అర్జీ పెడితే జవాబు వస్తదని నమ్మేవాళ్లం. రాష్ట్రం కొత్తగా వచ్చింది, మాది అప్పుడు కర్నూలు జిల్లా, రాజధానీ కర్నూలే, కాబట్టి ప్రభుత్వమంటే బస్సెక్కితే పోయి పలకరించి రాగలిగిన చుట్టాలిల్లు అనుకునేవాణ్ణి. నాకు ఇరవై ఏళ్లుంటాయేమో. బడి ముఖం చూడలేదు. పలకల కార్ఖానా బయట పారేసిన విరుగు ముక్కలు ఏరుకొచ్చుకొని, దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు దిద్దుకున్నవాణ్ణి. (అందుకే చాలాకాలం నా 'క' కిరాణా కొట్టు 'క' లాగా పెద్ద వంపు తిరిగి, పక్క అక్షరాన్ని తోసేస్తా ఉండేది.) మా చుట్టుపక్కల చదువొచ్చిన కుమ్మరిని నేనొక్కణ్ణే. ఆ సంగతి ఎవురూ అడక్కపోయినా చెప్పేవాణ్ణి. తరవాత జరిగిందానికంతా మూలం అదే.

మా ఇంట్లో సారె తిప్పేది నాయన, పూత, మెరుగు అత్తవి. పూత అంటే మా పనిలో వేరే ఏమీ కాదు, మన్నే. పుల్లలచెరువు దారిలో ఒక వాగు గట్టున దొరికే ఎర్రమన్ను నీళ్లలో కలిపి, రాళ్లూ ఇసకా అడుక్కి దిగినాక, పైన తేలిన సన్నటి దాన్ని పాత కోకగుడ్డలో వడగడితే పెరుగు మీద మీగడలాగా నిలుస్తది. సగం ఆరిన కుండకు దాన్ని గుడ్డతో మూడు దఫాలు పూస్తాము. ఆ తరవాత గుండ్లకమ్మలో ఏరుకొచ్చిన నున్నటి గులకరాయితో రుద్దాల. మరీ తడిగా ఉన్నప్పుడు రుద్దితే పూత రాయికి అంటుకొని లేచొస్తది, మరీ ఆరినాక రుద్దితే గీతలు పడతాయి. ఆ మధ్యలో వచ్చే ఘడియ ఏదనేది మా అత్తకే తెలుసు.

"ఇప్పుడు రుద్దనా అత్తా?"

"బుగ్గకు ఆనించి చూడు. చల్లగుందా?"

"చల్లగుంది."

"ఎరుపు అంటిందా?"

"అంటింది."

"అయితే మూసుకొని కూచో."

(ఇంట్లో అందరికీ కుడిబుగ్గ ఎర్రగా ఉండేది. కొత్తగా వచ్చిన చుట్టాలు ఎవురు కొట్టినారని అడిగేవాళ్లు.) ఘడియ వచ్చినాక రాయి నా చేతికిచ్చి, "ఏందిరా ఆ రుద్దుడు, గిత్తకు మాలీషు చేస్తున్నావా? ఒకే దిక్కున పో, నెమ్మదిగా పో" అని తిట్టేది. చివరికి రాయి లాక్కొని తనే కూచునేది. ఆ ప్రదర్శన కుండ మీద ఆమె రెండు పగళ్లు కూచునింది. కాల్చేటప్పుడు ఆవంలో మంట ఎక్కువైతే మెరుపు చచ్చిపోతదని నాయన్ను పిడకలు కూడా వెయ్యనీలేదు, తనే వేసింది. కుండ బయటికొచ్చి బూడిద తుడిచినాక, ఇంటి ముందర కట్టేసిన మేక దాంట్లో తన మొహం చూసుకొని ఒకడుగు వెనక్కేసింది.

ప్రదర్శన కాడ ఒక కాగితం ఇచ్చి నింపమన్నారు. మిగతా పనివాళ్లు గుమాస్తాకు నోటితో చెబితే ఆయన రాసుకున్నాడు. నేను రాయించుకుంటానా? కలం అడిగి తీసుకొని, నిలబడి, పదిమందికీ కనబడేట్టు రాసినాను. వస్తువు: కుండ. చేసినవారు: మా నాయన, మా అత్త. ఆ కింద గడిలో 'పూత' అని ఉంది. అత్త రెండు పగళ్ల కష్టం గుర్తొచ్చి, నా వంపు 'క' తో నిండుగా 'కలదు' అని రాసి కింద గీత కూడా గీసినాను. పూత ఉన్న వస్తువులు పోటీకి పనికిరావని వెనకపక్క రాసి ఉందంట. కాగితానికి వెనకపక్క కూడా ఉంటదని నాకు దుకాణాల బోర్డులు నేర్పలేదు.

పరీక్షకు వచ్చిన ఆఫీసరు కోస్తా మనిషి. మా కుండ ముందర వంగి, దాంట్లో తన మీసం చూసుకొని, ఒకపక్క సవరించుకొని, అప్పుడు అడిగినాడు.

"ఏం పూసావయ్యా దీనికి?"

"పూత సార్."

"అదే, ఏం పూత?"

"మంచి పూత సార్. మూడు దఫాలు పూసినాము."

ఆయన గుమాస్తా దిక్కు తిరిగి, "చూశావా, వాడే ఒప్పుకుంటున్నాడు. మట్టి ఎక్కడైనా ఇలా మెరుస్తుందా? వార్నీషు" అన్నాడు.

"మన్నే సార్! నీళ్లు పోసి చూడండి. మన్నయితే కుండకు చెమట పడతది, వార్నీషయితే పట్టదు."

"ఎంతసేపటికి పడుతుంది?"

నాకు అబద్ధం రాలేదు. "మెరుగు గట్టిగా పెట్టినాము గదా సార్, కొంచెం ఆలస్యమైతది. మధ్యాహ్నానికి."

"నీ కుండకు చెమట పట్టేదాకా నన్నిక్కడ కూర్చోమంటావా?"

"కుర్చీ తెస్తాను సార్."

"ప్రదర్శన వస్తువుల్లో నీళ్లు పోయకూడదు. నిబంధన."

"కుండలో నీళ్లు పోయగూడదా సార్?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వినారు. ఆ నవ్వుతోనే నా పని అయిపోయింది. ఆఫీసరు ఎర్రసిరాతో చీటీ రాయించి కుండ మెడకు కట్టించి, ఆక్షేపణ ఉన్న వస్తువు కాబట్టి ఆఫీసులో ఉంచుకుంటామన్నాడు. బహుమతి ఒక గవ్వల పెట్టెకు పోయింది. దానికి నిజంగానే వార్నీషు పూసినారు, వాసన గుమ్మం దాకా వస్తా ఉంది. కాకపోతే వాళ్ల కాగితంలో పూత గడి ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చి చెబితే అత్త చేతికంటిన ఎర్రమన్ను చెంగుకు తుడుచుకునింది. తరవాత, "రాయడం నేర్చుకున్నావు గాని అబ్బయ్యా, ఊరుకోవడం నేర్చుకోలేదు నువ్వు" అనింది. అంతే.

పోటీ పోతే పోయింది. ఆ మాట సంతకెక్కింది, అదీ నా కోపం. త్రిపురాంతకం దాకా మా కుండలకు పేరుండేది. ఆ ఏడు ఆడవాళ్లు గోటితో గీకి చూసి, "ఏమమ్మా, వార్నీషు కుండంట గదా, నీళ్లు వాసనొస్తాయా?" అని అత్తనే అడిగేవాళ్లు. నన్ను 'వార్నీషు' అని పిలిచినారు, పిలవనీ. ఆమెను అడిగినారే! ఊహ తెలిసినప్పటినుంచీ మన్ను తప్ప ఇంకొకటి చేత్తో పట్టని మనిషిని! ఒకరోజు అమ్ముడుపోని కుండలు ఇంటికి దించి, గులకరాయి గూట్లో పెట్టేసి, "ఇది మన్నేనని వాళ్లు కాయితం మీద రాసిచ్చిందాక నేను రాయి పట్టను" అనింది. పట్టలేదు. మా కుండలు ఊరందరి కుండల్లాగా గరుకుగా పోయినాయి.

అప్పుడు మొదలుపెట్టినాను అర్జీలు. మొదటి దాంట్లో 'మహారాజశ్రీ' అని మర్యాదగా మొదలుపెట్టి, 'మీకు కళ్లున్నవా' అని ముగించినాను. రెండోదాంట్లో మహారాజశ్రీ తీసేసినాను. మూడోదాంతోపాటు ఎర్రమన్ను పొట్లం కట్టి పంపితే, దారిలో చినిగి, ఆఫీసు కాగితాలన్నీ పాడైనాయని నాకే నోటీసు వచ్చింది. (ఆ నోటీసులో 'మన్ను' అని రాసినారు. నా మన్ను మన్నేనని ప్రభుత్వం ఒప్పుకున్నట్టే గదా అని అత్తకు చూపించినాను. "అది పొట్లం, కుండ గాదు" అనింది.) ఇంతలో రాజధాని హైదరాబాదుకు పోయింది, దాని వెనకే ఆఫీసూ పోయింది, నా అర్జీలూ పోయినాయి. నాకు మాత్రం, లారీల్లో బీరువాల నడుమ గడ్డిలో చుట్టిన మా కుండ కూడా పోయి ఉంటదని, హైదరాబాదులో ఏదో బల్ల మీద నిలబడి ఉంటదని ధైర్యం. 'కుండలో నీళ్లు పోసి మధ్యాహ్నం దాకా చూడవలెను' అని ప్రతి అర్జీలోనూ రాసినాను.

నాలుగేళ్లకో, ఇంకా ఎక్కువకో, జవాబొచ్చింది. పెళ్లయి, బిడ్డ పుట్టి, 'క' కూడా కుదురుకున్నాక. అత్త గట్టిగా చదవమనింది. చదివినాను. సగంలో లేచి నిలబడింది, చివరి మాటకు మళ్లీ కూచునింది, తరవాత చెంగు నోటికడ్డం పెట్టుకొని ఎంత నవ్విందంటే నాయన పరిగెత్తుకొచ్చినాడు. మర్నాటినుంచి రాయి పట్టింది, అది నిజం. నేను నవ్వలేదు. ఆ కాయితం చేతిలో పెట్టుకొని ఇంకో అర్జీకి సిరా కలిపినాను. ఇన్నేళ్లకు కుర్రవాణ్ణయిన అప్పటి నన్ను తలచుకుంటే, ఒరే నాయనా, ఆ పూటకైనా అత్తతో కలిసి నవ్వి ఉండగూడదంట్రా అనిపిస్తది. కాయితం నాకు నోటికి వచ్చు:

"తమరి అర్జీలు అన్నియు పరిశీలించడమైనది. తమరి కుండను పరీక్ష నిమిత్తము పగులగొట్టి చూడగా, లోపలను వెలుపలను మన్నేననియు, వార్నీషు ఎంతమాత్రము లేదనియు తేలినది. తమరి ఫిర్యాదు న్యాయమైనదే. అయితే ప్రస్తుతము కుండ లేనందున బహుమతి ప్రసక్తి లేదు. రాబోవు ప్రదర్శనకు ఇట్టి కుండలు రెండు పంపవలెను. అందొకటి పగులగొట్టుటకు."