అరచెయ్యి అడ్డం

మా బరంపురం తెలుగు చర్చిలో గంట కొట్టే తాత ఒకాయన ఉండేవాడు. నెలలో మొదటి ఆదివారం ప్రభు సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం గిన్నె బల్ల మీదికి రాగానే ఆయన అరచేత్తో నోరు మూసుకుని వరండాలోకి వెళ్లి, మా చెప్పుల మధ్య కూర్చునేవాడు.

"లోపలికి రా తాతా," అని ఒకసారి పిలిచాను.

"ఏటని వొస్తాను తల్లీ? సారా మానేసి శానా ఏళ్లయింది. ఒల్లు మానేసింది గాని మనసు మాన్నేదు. ఆ గిన్ని సూస్తే నాకు ప్రభువు గేపకం రాడు, సారాయే గేపకమొస్తది. అలాటోడు దాన్ని ముట్టకూడదు."

సారా దుకాణమున్న వీధి తప్పించి, చుట్టు తిరిగి చర్చికి వచ్చే మనిషి! అలాటివాడు తనని తానే వెలివేసుకుంటుంటే నాకు ఒళ్లు మండేది. క్షమాపణ అందరికీ అని పాస్టరుగారు ఎంత చెప్పినా, "వొచ్చే నెల బాబూ" అనేవాడు.

చివరికి ఆసుపత్రిలో మంచం పట్టాడు. పాస్టరుగారు గిన్నె అక్కడికే తెచ్చారు. పెదాల దగ్గరికి రాగానే, తాత అరచెయ్యి అడ్డం వచ్చింది. ప్రార్థన చేశాం, బతిమాలాం. చెయ్యి తియ్యలేదు. మిగిలిన రసాన్ని పారబోయకుండా మట్టికి అప్పగించడం మా ఆచారం. పాస్టరుగారు కిటికీ బయట మొక్క మొదట్లో పోశారు. అది ఇంకిపోయేదాకా తాత చూశాడు.

"మన్ను ఏటీ అనుకోకుండా తాగేసింది తల్లీ. నాను ఆ మన్నుపాటీ నేకపోనాను."

ఈసారి "వొచ్చే నెల" అనలేదు.