పలకలు మూసిన బావి

వేసవిలో కాలవ కట్టేస్తే, ఏలూరు శివారున ఉండే లిడియాకు మంచినీళ్లు దొరికేది ఒక్కచోటే, పక్కింటి అచ్చాయమ్మ బావి దగ్గర. మిషను బడిలో పంతులమ్మ అయినా ఆ చేద ఆమె ముట్టుకోకూడదు. గట్టుకు ఎడంగా బిందె పెట్టుకుని నిలబడితే, అచ్చాయమ్మ తోడి పైనుంచి పోసేది. బడికి వేళ మించిపోతున్నా ఆవిడకు తీరికయ్యేది కాదు. ఈసారి కాలవ కట్టేలోగా తన పెరట్లో తన బావి ఉండాలని లిడియా పట్టుబట్టింది.

మునిసిపాలిటీ అనుమతికే నెలలు గడిచాయి. మరుగుదొడ్డి మరీ దగ్గరగా ఉందని కాగితం తిప్పి పంపారు. దాన్ని పడగొట్టించి అవతలి మూలకు మార్చింది. ఈలోగా కొలతలు తీసిన గుమాస్తా బదిలీ అయ్యాడు. కొత్తగా వచ్చినాయన మళ్లీ మొదటినుంచి టేపు పట్టాడు.

చివరికి బావులు తవ్వే సూర్రావు పలుగు వేశాడు. లోపలి మట్టి తోడుతూ, గుండ్రటి సిమెంటు వర మీద వర దించుతూ పోయాడు. కొల్లేటి వైపు నేల, ఉప్పునీళ్లు పడతాయేమోనని లిడియాకు అన్నం సహించలేదు. నీరు ఊరాక సూర్రావు దోసెడు తాగి, "తియ్యగా ఉన్నాయండీ అమ్మగారూ" అన్నాడు. గంగమ్మకని చెంబెడు పాలు, బెల్లంముక్క, పసుపు అందులో వదిలాడు. ఆమె మతంలో ఆ ఆచారం లేదు. కానీ అంత లోతు దిగి తవ్వినవాడి మొక్కును కాదనలేకపోయింది.

మర్నాడు పొద్దున్నే శానిటరీ ఇన్‌స్పెక్టరు వచ్చి, కొత్త బావికి నీళ్ల పరీక్ష తప్పదని సీసా నింపుకుపోయాడు. ఆ నీళ్లు తాగడానికి పనికిరావని రిపోర్టు వచ్చింది.

"తాగే బావిలో పాలు పోస్తారాండీ ఎవరైనా?" అని ఆయన విసుక్కున్నాడు.

"అందరూ పోస్తారండీ. మీ ఇంట్లో పొయ్యలేదా?" అంది లిడియా.

పరీక్షలో నెగ్గేదాకా ఎవరూ తోడకూడదని ఆయన బావి మీద పలకలు వేయించాడు. నీళ్లన్నీ తోడించి, బ్లీచింగు పొడి చల్లించి, ఇంకో సీసా పట్టుకెళ్లాడు. అది ఆఫీసు బల్ల మీదే నిలవుండిపోయింది. ఆలస్యంగా చేరిందని పరీక్షకు తీసుకోలేదు. మూడోసారికి ఖాళీ సీసాలు లేవన్నారు. ఇంతలో కాలవ కట్టేశారు.

లిడియా బిందె తీసుకుని పక్కింటికి వెళ్లింది.

"సొంత బావి తవ్వించుకున్నావు గదా లిడియమ్మా, ఇంకా మా గుమ్మంలో బిందె ఎందుకూ?" అంది అచ్చాయమ్మ.

ఆ ఖాళీ బిందెతోనే లిడియా ఆఫీసుకు నడిచింది. అచ్చాయమ్మగారి బావి నీళ్లు ఎప్పుడైనా పరీక్ష చేశారా అని ఇన్‌స్పెక్టరుని అడిగింది.

"అది పాత బావండీ. పాతవాటికి ఈ రూలు లేదు."

"వాళ్ల మరుగుదొడ్డి దాన్ని ఆనుకునే ఉందండీ."

"ఉంటుందండీ. కట్టినప్పుడు రూలు లేదు గదా."

ఆమె ఇంటికి వచ్చి, చీర చెంగు దోపుకుని, పలకలు ఒక్కొక్కటీ లాగి గోడకు చేరవేసింది. చేద వేసి తోడింది. నీళ్లు గుడ్డలో వడగట్టి పొయ్యి మీద కాగబెట్టింది. చప్పుడు విని అచ్చాయమ్మ గోడ మీదుగా తొంగి చూసింది.

"ఆఫీసువాళ్లు ఒప్పుకున్నారా ఏమిటి?"

"లేదండీ" అని లిడియా రెండో చేద వేసింది.