జకీయా ముఖం ఆరేదాకా

ఉసేన్ పెళ్ళాన్ని కొట్టాడన్న మాట మొదట పడవల దగ్గర పుట్టింది. తెల్లవారి వల సర్దడానికి వచ్చినవాడి కుడి అరచేయి మణికట్టు దాకా తెల్లగా ఉందట. ఆ తెలుపు ఆడవాళ్ళు ముఖానికి పూసుకునే ముసీరోదే, మరొకటి కాదు. మగవాడి చేతికి ముసీరో ఎలా అంటుతుంది? ఆరీ ఆరని చెంప మీద చెయ్యి పడితే అంటుతుంది. మధ్యాహ్నానికి ఆ మాట చేపల బుట్టలతో పాటు పేటలోకి దిగింది. సాయంత్రానికి జకీయాకు పన్ను ఊడిందన్నారు. మర్నాటికి రెండు పళ్ళు ఊడాయి.

దీవిలో ఆ పేటది ఒక తీరు. వెనకటికి మేడలకూ కోటకూ రాయి తవ్వుకుపోయిన గుంతల్లోనే ఇళ్ళు వెలిశాయి. వీధిలో నడిచేవాళ్ళ పాదాలూ ఇళ్ళ తాటాకు కప్పులూ ఒకే ఎత్తున ఉంటాయి. చూడకూడదనుకున్నా చూపు పెరట్లోనే పడుతుంది. అలా చూసినవాళ్ళే ఇంకో సాక్ష్యం కూడా తెచ్చారు. ముసీరో మధ్యాహ్నపు ముచ్చట. వంట ముగించి, ఇల్లు తుడిచి, కాసేపు పూసుకుని కడుక్కుంటారు. జకీయా మాత్రం పొద్దున టీ వేళకూ, సాయంత్రం చేపలు తోమే వేళకూ తెల్ల ముఖంతోనే కనబడుతోంది. కింద ఏదో దాస్తోందన్నమాట.

దాస్తున్న మాట నిజమే.

పెళ్ళికూతుళ్ళ ముఖాలు తీర్చడం జకీయా పని. పెళ్ళికి ముందు పిల్లను తెచ్చి ఆమె పెరట్లో వదిలితే చాలు. చాప మీద పడుకోబెట్టి, గోరువెచ్చని నీళ్ళలో పిండిన గుడ్డతో ముఖం ఒత్తేది. కొబ్బరినూనె రాసి మెడ నుంచి నుదుటి దాకా వేళ్ళతో నిమిరేది. ముసీరో కొమ్మను నీళ్ళు చిలకరించిన సానరాయి మీద గంధంలా అరగదీసి, ఆ తెల్లటి ముద్దను పలచగా పూసేది. కళ్ళ మీద తడిగుడ్డ కప్పి ఒకటే మాట చెప్పేది. "ఆరేదాకా మాట్లాడకు. మాట్లాడితే పగులుద్ది." ఎంత గడుసు పిల్లయినా ఆ చాప మీద నిద్రపోవలసిందే.

పిల్లలు వెళ్ళిపోయాక గిన్నెలో మిగిలింది తను పూసుకునేది. రోజు మొత్తంలో ఆమెను ఎవరూ పిలవని సమయం అదొక్కటే. నీళ్ళు తెమ్మనేవాళ్ళూ, ఉప్పు అడిగేవాళ్ళూ ఆ తెల్ల ముఖం చూసి తిరిగిపోయేవాళ్ళు.

అయితే రెండో కాన్పు తర్వాత బుగ్గల మీద లేచిన నల్లమచ్చలను ముసీరో పోగొట్టలేదు. అది ఆమె ఎవరితోనూ అనలేదు. ఆమె అననిది అతీజా అత్త కనిపెట్టింది. ఆమె జకీయా మేనమామ సెలెమానెకు భార్య. ఒకరోజు నడుముకు చుట్టుకున్న కపులానా గుడ్డ కొంగులో చుట్టి ఒక డబ్బా తెచ్చింది.

"ఎన్నాళ్ళు మోస్తావే ఆ మచ్చలు? నీ ముసీరో నీకే పనిచెయ్యకపోతే ఇంక పెళ్ళికూతుళ్ళని నీ దగ్గరికెవరు తెస్తారు? ఇది రాసుకో, కోడిగుడ్డు ఒలిచినట్టు వస్తావు. నా పేరు మాత్రం నీ నోట రాకూడదు. మీ మామయ్యకి ఇలాంటివంటే ఒళ్ళు మంట, నన్ను బతకనివ్వడు. ఒట్టెయ్యి."

జకీయా ఒట్టు వేసింది. రాసుకుని పడుకుంది. తెల్లవారేసరికి బుగ్గలు కాలిపోతున్నాయి. మూడో రోజుకు తోలు లేచింది. ఉసేన్ దీవిని ఒడ్డుతో కలిపే వంతెన అవతల ఆసుపత్రికి పోదామన్నాడు. ఆమె వద్దంది. దారి పొడుగునా ఊరంతా చూస్తుంది. ముసీరో పూసే మనిషే తెల్లబడే మందుతో ముఖం కాల్చుకుందంటే ఏ తల్లి పిల్లను తెచ్చి ఆ చాప మీద పడుకోబెడుతుంది?

"ఎవరికీ చెప్పకు. ఎవరడిగినా," అంది.

"సరే," అన్నాడు ఉసేన్. అతను ఎక్కువ మాట్లాడే మనిషి కాదు.

మందు రాసిన వేళ్ళ కొనలు కూడా ఊడటంతో కొమ్మ పట్టుకోవడం ఆమెవల్ల కాలేదు. రోజూ పడవకు వెళ్ళే ముందు సాన ముందు కూర్చుని అతనే అరగదీసిపెట్టేవాడు. ముసీరో మగవాళ్ళ పని కాదు. ఏ అన్నో తమ్ముడో చూస్తే నవ్వి చచ్చేవాళ్ళు. పచ్చి పుండు మీద ఆ పూత పూసేటప్పుడు చల్లగా ఉండేది, ఆరేటప్పుడు నిప్పులు పోసినట్టుండేది. జకీయా పళ్ళు బిగించి ఓర్చుకునేది.

శుక్రవారం నమాజు ముగిశాక సెలెమానె మామ పెరట్లోకి దిగాడు. జకీయా తల్లి పోయాక ఆ ఇంటికి పెద్ద ఆయనే. వెంట అతీజా అత్త, ఆమె వెనకాల కర్ర ఊతంగా పట్టుకుని మువాకియా అవ్వ. పేటలో పుట్టినవాళ్ళకు మొదటి నీళ్ళూ, పోయినవాళ్ళకు చివరి నీళ్ళూ పోసేది ఆ అవ్వే. ఒంటి మీద మచ్చ చూసి ఇది దెబ్బ, ఇది రోగం అని చెప్పగలదు గనుక ఇలాంటి తగువులకు ఆమెను తప్పక పిలుస్తారు.

వాళ్ళ అడుగుల చప్పుడు వీధిలో ఉండగానే జకీయా ఒక పూత పూసేసుకుంది. పిల్లలను పక్కింటికి పంపేసింది. ఉసేన్ గోడ నీడన గొంతుకూర్చున్నాడు.

అతీజా ఎవరినీ అడక్కుండా లోపలికి వెళ్ళింది. ఉసేన్ చొక్కాలూ, పండక్కి కట్టుకునే లుంగీ ఒక పాత కపులానాలో మూటగట్టి తెచ్చి గుమ్మం బయట పెట్టింది. ఇల్లు ఆడవాళ్ళది, మగవాడు ఇల్లరికం వచ్చినవాడు. మూట గుమ్మం దాటిందంటే మనిషి సగం దాటినట్టే.

"ముఖం కడుక్కో అమ్మాయీ," అన్నాడు మామ.

జకీయా ఇంకా తడిగా ఉందన్నట్టు బుగ్గ చూపించింది.

"తడి మీద కడగమనకూడదురా, అరిష్టం," అంది అవ్వ. "ఆరనీ."

"ఆరనీ అవ్వా. వల ఎండేదాకా కూర్చునేవాణ్ణి, ముఖం ఎండేదాకా కూర్చోలేనా?" మామ బల్ల మీద కూర్చుని చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"ఇంకా చూడ్డానికేముంది?" అంది అతీజా. "వాడి చెయ్యి ఊరంతా చూసింది."

"ఊరు చూసింది చెయ్యేగా, ముఖం కాదుగా. ఆ పిల్ల ముఖం ఆరేలోగా నువ్వు కాస్త నోరు ఆరబెట్టుకోవే."

పైన వీధిలో నడిచే పాదాలు ఒకటొకటిగా ఆగుతున్నాయి. మామ ఉసేన్ వైపు తిరిగాడు.

"కొట్టావా?"

"లేదు మామయ్యా."

"మరి ముఖానికేమైంది?"

ఉసేన్ జకీయాను చూశాడు. "అది తనే చెప్పాలి."

"నేనూ ఇల్లరికపువాణ్ణేరా. అతీజా ఇంట్లో ఇన్నేళ్ళ బట్టీ నా చెప్పులు గుమ్మం వైపే తిప్పిపెట్టుకుంటా. ఆడవాళ్ళింట్లో మగాడి చెయ్యి లేచిందంటే ఆ రోజే కాళ్ళు కూడా లేవాలి. నాకైనా అంతే, నీకైనా అంతే."

ఉసేన్ తల వంచుకున్నాడు.

జకీయాకు నుదుటి దగ్గర బిగుసుకోవడం తెలుస్తోంది. అంచులు ఆరి తెల్లబడుతున్నాయి. మంట బుగ్గల్లోకి దిగుతోంది. చెబితే రేపటి నుంచి చాప ఖాళీ. చెప్పకపోతే ఈ పూటకే ఇల్లు ఖాళీ. ఆమె గిన్నెలో వేలు ముంచి, ఆరుతున్న చోటల్లా మళ్ళీ తడిపూత పెట్టింది. మామ చూశాడు. కాసేపటికి మళ్ళీ పెట్టింది. మూడోసారి వేలికి గిన్నె అడుగు తగిలింది.

సాన దగ్గరకు జరిగి కొమ్మ అందుకుంది. వేళ్ళ కొనలు భగ్గుమన్నాయి. కొమ్మ జారి కింద పడింది.

ఉసేన్ లేచి వచ్చాడు. ఎవరివైపూ చూడలేదు. రాయి మీద నీళ్ళు చల్లి, కొమ్మను అరచేతి కింద పెట్టి గుండ్రంగా తిప్పడం మొదలుపెట్టాడు. అలవాటైన చెయ్యి. తెల్లని పాలు రాయి మీదా, అతని అరచేతి మీదా, మణికట్టు దాకా పాకాయి.

అవ్వ కళ్ళు చిట్లించి చూసింది. "చూశావటే అతీజా, మగాడు సాన పట్టాడు. ఇహ మనం వల పట్టాలి కాబోలు."

ఎవరూ నవ్వలేదు. వీధిలో పాదాలు కదలడం మానేశాయి.

"ఎన్నాళ్ళ బట్టీ?" అన్నాడు మామ.

"వారం బట్టీ."

"అంటే నువ్వు చేసింది నువ్వే రోజూ పూసి కప్పుతున్నావన్నమాట." మామ లేచాడు. ఆయన గొంతు పెరగలేదు. "లే. మూట తీసుకో."

ఉసేన్ కొమ్మను రాయి మీద జాగ్రత్తగా పెట్టాడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని మూట దగ్గరకు నడిచాడు. జకీయా అతన్నే చూస్తోంది. ఇప్పుడు చెబుతాడు, ఇప్పుడు తిరిగి చూస్తాడు అనుకుంది. అతను వంగి మూట ఎత్తుకున్నాడు. సరే అన్న మాట మీద నిలబడి అలాగే వంతెన దాటి వెళ్ళిపోతాడని ఆమెకు అర్థమైంది. అత్త వైపు చూసింది. అత్త నేల చూస్తోంది.

జకీయా పక్కనున్న నీళ్ళ బేసిన్‌లో రెండు చేతులూ ముంచి ముఖాన కొట్టుకుంది.

"ఆగవే, తడి మీద," అని అవ్వ అంటూనే ఉంది. తెల్లనీళ్ళు మెడ మీదుగా కారాయి. కంటి కింది నుంచి దవడ దాకా బుగ్గలు రెండూ బయటపడ్డాయి. నల్లగా మాడిన తోలు అట్టలుగా లేచి, మధ్యన పచ్చి ఎరుపు.

మామ ఒక అడుగు వెనక్కి వేశాడు.

"ఎవరూ కొట్టలేదు మామయ్యా. తెల్లబడే మందు రాసుకున్నా. నేనే రాసుకున్నా."

"మీ అమ్మ కూడా మెట్ల మీంచి నేనే పడ్డానంది," అన్నాడు మామ. "నేను నమ్మాను. రెండోసారీ నమ్మాను. మళ్ళీ నమ్మమంటావా?"

నిజం చెప్పాక కూడా నమ్మరని జకీయా అనుకోలేదు. ఉసేన్ మూటతో గుమ్మం మెట్టు దగ్గర నిలబడ్డాడు.

అవ్వ కర్ర పక్కన పడేసి వచ్చి జకీయా కుడిచెయ్యి లాక్కుంది. వెల్లకిలా తిప్పి ఎండకు పెట్టింది.

"ఇలా రారా సెలెమానె. దెబ్బ పడితే బుగ్గ కమిలేది. వేళ్ళ కొనలెందుకు ఊడతాయి? బొటనవేలు బాగానే ఉంది, చిటికెన వేలు బాగానే ఉంది. మధ్య మూడే ఊడాయి. ముఖానికి ఏమన్నా రాసుకునేటప్పుడు ఏ వేళ్ళతో రాసుకుంటారో మీ ఆవిణ్ణడుగు."

మామ ఆ వేళ్ళను చాలాసేపు చూశాడు. తర్వాత బల్ల మీద కూలబడ్డాడు.

"డబ్బా ఏది?"

"సముద్రంలో పారేశా."

"ఎక్కడిది?"

అతీజా మెడ చుట్టూ గుడ్డ బిగించుకుంది. జకీయాకు ఆమె వైపు చూడకుండా ఉండటం ముఖం కడుక్కోవడం కన్నా కష్టమైంది.

"వంతెన అవతల సంతలో కొన్నా మామయ్యా."

"పదిమంది పిల్లల ముఖాలు తీర్చే దానివి. ఏం పోయేకాలమే నీకు?" అంది అవ్వ.

"నా ముఖం నాకు నచ్చలేదవ్వా."

మామ మూట అందుకుని ముడి విప్పబోయాడు. ముడి బిగిసి రాలేదు. భార్య ముందుకు తోశాడు. "నువ్వేగా కట్టావు. నువ్వే విప్పు." తర్వాత ఉసేన్‌తో, "చెప్పొచ్చుగదరా," అన్నాడు.

"చెప్పొద్దంది."

"ఇంట్లోంచి పంపేస్తున్నా చెప్పవా?"

"చెప్పొద్దంది కద మామయ్యా."

చర్మం వచ్చేదాకా ముసీరో ముట్టవద్దనీ, కొబ్బరినూనె తప్ప ఏదీ రాయవద్దనీ, రేపే ఆసుపత్రికి పోవాలనీ చెప్పి అవ్వ కర్ర అందుకుంది.

చీకటి పడేలోగా వదంతి వేషం మార్చింది. జకీయా పెళ్ళికూతుళ్ళతో పోటీపడి తెల్లబడాలని సంతలో మందు కొనుక్కుందట. పడవల దగ్గర ఉసేన్‌ను, "ఏరా, మా ఆవిడక్కూడా కాస్త అరగదియ్యవా," అని వేళాకోళం చేశారు. "మీ ఆవిడ్ని ముందు సాన తెచ్చుకోమను," అన్నాడు అతను. రావలసిన ఇద్దరు పెళ్ళికూతుళ్ళలో ఒకతె రాలేదు. రెండోది వచ్చింది. జకీయా బుగ్గ వంక కాసేపు చూసి, ఏమీ అడక్కుండా చాప మీద పడుకుంది.

కొన్నాళ్ళకు ఒక మధ్యాహ్నం అతీజా అత్త వచ్చింది. తడిక దగ్గరగా వేసి, చాప తనే పరుచుకుని కూర్చుంది. తల మీది గుడ్డ మెడ చుట్టూ కట్టుకున్న ముడి విప్పింది. చెవి కింది నుంచి భుజం ఎముక దాకా తోలు మాడి, ఎండి, పగుళ్ళు విచ్చి ఉంది. జకీయా పుండు లాంటిదే.

"నీకు డబ్బా తెచ్చిన రోజు పొద్దున్నే రాసుకున్నానే. మెడే కదా, గుడ్డ కింద ఎవరికీ కనబడదని."

జకీయా కొబ్బరినూనె గిన్నె దగ్గరకు లాక్కుంది. "మరి నాకెందుకిచ్చావత్తా?"

"అప్పటికింకా నాకు మండలేదే," అంది అతీజా.