డార్విన్‌లో రెండు తలుపుల కారు

మా ఊళ్ళో నా కారు బానెట్ ఎత్తే ధైర్యం ఉన్న మెకానిక్ ఒక్కడే. అరవై దాటిన గ్రీకు మనిషి, డార్విన్‌లోనే పుట్టి పెరిగాడు. ఆయనలో ఒక అలవాటు కనిపెట్టాను. చిన్న రిపేరైతే బానెట్‌ను ధన్‌మని వేస్తాడు. పెద్దదైతే రెండు చేతులతో పట్టుకుని, నిద్రపోతున్న పిల్లకు దుప్పటి కప్పినట్టు మెల్లగా మూస్తాడు. నాలుగేళ్ళలో ఆ ధన్ శబ్దం నేను విన్నది రెండుసార్లే.

ఆ నవంబరులో కూడా మెల్లగానే మూశాడు. గేర్‌బాక్స్ లోపల క్లచ్‌లు అరిగిపోతున్నాయట. ఆరు నెలలు నడవచ్చు, అదృష్టం బాగుంటే ఏడాది. మార్చడానికి ఎంతవుతుందని అడిగాను. ఆయన చెప్పిన అంకె నేను కారు కొన్న ధరలో సగం.

అప్పటికి ఆ కారు అమ్ముతానని నేను బయానా తీసుకుని వారం రోజులైంది. తీసుకున్నది ముక్కూ మొహం తెలియని వాడి దగ్గరైతే నిద్ర పట్టేదేమో. నన్ను అన్నా అని పిలిచే కుర్రాడి దగ్గర తీసుకున్నాను.

కారు కంపెనీ పేరు చెప్పను. చెబితే ఆ బ్యాడ్జి మీద నాకు ఇంకా మమకారం ఉందనుకుంటారు. మెల్‌బోర్న్‌లో ఎవరో ఏడేళ్ళు నడిపిన నల్ల కారు, రెండే తలుపులు, ఆరు సిలిండర్లు. ఫొటోలు చూసి కొన్నాను. ఖండం ఆ చివర నుంచి ఈ చివరకు లారీ ఎక్కి వచ్చింది. నేను ఇక్కడ ప్రభుత్వంలో నీటి పైపుల ఇంజినీరును. ఇరవై రెండేళ్ళ వయసులో గోడకు అంటించుకున్న బొమ్మ నలభై రెండేళ్ళకు ఇంటి ముందు నిలబడితే మనిషికి ఎలా ఉంటుందో చెప్పక్కర్లేదు. పూజ చేయించాం. నాలుగు టైర్ల కింద నాలుగు నిమ్మకాయలు పెట్టి తొక్కించాం. భోజనాలకు పది తెలుగు కుటుంబాలు వచ్చాయి. ఆ భోజనాల దగ్గరే, ముప్ఫై ఏళ్ళ నుంచి ఇక్కడ స్థిరపడిన డాక్టరుగారు, మేమందరం అంకుల్ అని పిలిచే ఆయన, పెరుగన్నం కలుపుకుంటూ అడిగారు.

"పాత బండి కదోయ్, మెయింటెనెన్స్ ఎలా ఉంటుంది?"

"ఏముంది అంకుల్, ఏడాదికొక సర్వీసు. ఆయిల్ మార్చడమే," అన్నాను.

నిజానికి నాకేమీ తెలియదు. పదిమందిలో తగ్గకూడదని అన్న మాట అది. ఆ తరువాత ఎవరడిగినా అదే అన్నాను. కాలం గడిచిన కొద్దీ ఇంకాస్త మసాలా కలిపాను తప్ప తగ్గించలేదు.

మొదటి దెబ్బ టైర్లది. ఈ కారుకు వెనక టైర్లు ముందు వాటికంటే వెడల్పు, కాబట్టి అటూ ఇటూ మార్చుకుని నెట్టుకురావడానికి వీల్లేదు. ఏడాది తిరక్కుండానే వెనకవి రెండూ గుండు గీసినట్టు అయిపోయాయి. ఆ సైజు ఊళ్ళో దొరకదు, అడిలైడ్ నుంచి రావాలి. వచ్చే దారి మూడు వేల కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడో వరదొచ్చి హైవే మూసేశారు. మూడు వారాలు నా కారు ఆ గ్రీకు మనిషి షెడ్డులో ఇటుకల మీద కూర్చుంది. నేను మా ఆవిడ చిన్న కారులో, ఆమె పక్కన కూర్చుని ఆఫీసుకు వెళ్ళాను.

పెట్రోలు అన్నిటికంటే ఖరీదైనదే తాగుతుంది. బ్రేకులు మార్చడానికి మామూలు కారుకు అయ్యేదానికి మూడింతలైంది. బ్యాటరీ సీటు వెనక ఎక్కడో దాచి ఉంటుంది, దాన్ని మార్చాక కంప్యూటరు పెట్టి కారుకు ఆ సంగతి చెప్పాలట. ఇక్కడి ఎండకు ఇంజిన్‌లో నీళ్ళు తిరిగే ప్లాస్టిక్ గొట్టాలు అప్పడాల్లా పెళుసెక్కి, ఒకటి మార్చిన నెలకు ఇంకొకటి పగిలేవి. ఈ బిల్లులన్నీ విడిగా ఒక క్రెడిట్ కార్డు మీద కట్టి, కాగితాలు షెడ్డులో బ్యాటరీ ఛార్జరు వెనక ఒక ఫైల్లో పెట్టేవాణ్ణి. ఇంట్లో మాత్రం తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనేవాణ్ణి కాదు. పైన పటారం, లోన లొటారం అంటారే, అది కారు గురించో నా గురించో తేల్చుకోవడం కష్టం.

పోనీ పరుగైనా దక్కిందా అంటే అదీ లేదు. ఊరు దాటితే గంటకు నూట ముప్ఫై దాకా వెళ్ళనిచ్చే రోడ్డు ఉంది, దాని కోసమే కొన్నాను. కానీ పొద్దు వాలితే వాలబీలు అడ్డం పడతాయి, అవి కంగారూలకు చిన్న చెల్లెళ్ళు. గుద్దితే ముందు భాగం మొత్తం పోతుంది, ఇన్సూరెన్స్‌వాళ్ళు మొదట మన జేబులోంచి తియ్యమనే మొత్తమే నా గుండె ఆపేంత ఉంది. అందుకని తెల్లటి పాత జీపులు నన్ను దాటుకుని పోతుంటే ఎడమ పక్కన బుద్ధిగా వెళ్ళేవాణ్ణి. ఆ కారు తనకు చేతనైనంత వేగంగా పరిగెత్తిన సమయం, నాలుగేళ్ళదీ కలిపితే ఒక గంట ఉంటుందేమో.

వానాకాలం వస్తే వారం కదల్చకపోతే చాలు, సీట్ల తోలు మీద బూజు. ఆదివారం ఉదయాలు వెనిగర్ ముంచిన గుడ్డతో తుడుస్తూ కూర్చునేవాణ్ణి. మా ఆవిడ ఆసుపత్రి ల్యాబులో పనిచేస్తుంది. రెండేళ్ళ నుంచి శనివారాలు కూడా డ్యూటీ వేయించుకుంటోంది, తన కారు తను తీసుకెళ్తుంది. కాబట్టి ఎనిమిదేళ్ళ మా అమ్మాయిని ఈతకు నేను నా కారులో తీసుకెళ్ళాలి. వెనక సీట్లో మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని కూర్చునేది. ఒకరోజు దిగుతూ, "డాడ్, నెక్స్ట్ టైమ్ కెన్ వీ జస్ట్ టేక్ ద బస్?" అంది. నేను తెలుగులో తిట్టాను, తను ఇంగ్లీషులో సారీ చెప్పింది.

రెండో ఏడే అమ్మకానికి పెట్టాను. ప్రకటన చూసి కుర్రాళ్ళు వచ్చేవారు, ఒక రౌండు వేసేవారు, థ్యాంక్స్ మేట్ అని వెళ్ళిపోయేవారు. కొనగలిగిన వాళ్ళు మెల్‌బోర్న్‌లో, సిడ్నీలో ఉన్నారు. కారు తమ దగ్గరికే పంపించమంటారు. లారీ కిరాయి నేను కట్టి, వాళ్ళడిగిన ధరకు ఇస్తే, కారు ఊరికే ఇచ్చి పైన చిల్లర ఇచ్చినట్టు. ఉంచుకుంటే నెలనెలా తింటుంది, అమ్ముదామంటే కొనేవాడు లేడు. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. రాత్రిళ్ళు ఏసీ కింద పడుకున్నా ఊపిరి ఆడేది కాదు.

అప్పుడు ఆ కుర్రాడు వచ్చాడు. కరీంనగర్ వైపు అబ్బాయి, ప్రభుత్వ ఆఫీసులో ఐటీ ఉద్యోగం, వీసా మీద భార్యతో దిగాడు. కొత్తగా వచ్చిన వాళ్ళను ఎయిర్‌పోర్టు నుంచి తీసుకొచ్చి, బ్యాంకుకూ బియ్యానికీ తిప్పడం మాలో అలవాటు. అతని వంతు నాకు పడింది. నాలుగు సూట్‌కేసులు నా కారులో పట్టవు కనుక మా ఆవిడ కారులో వెళ్ళాను. ఇంటికి రాగానే నల్ల కారు చూసి ఆగిపోయాడు. ఆ చూపు నాకు తెలుసు. తరువాత ఒక ఆదివారం ఎక్కించుకుని ఊరి బయటి దాకా తీసుకెళ్ళాను. తిరిగొచ్చే దాకా అతను ఒక్క మాట మాట్లాడలేదు. దిగాక అన్నాడు.

"అన్నా, అమ్మేటట్లయితే ఫస్ట్ నాకే చెప్పాలె. వేరేటోళ్ళకు ఇయ్యొద్దు."

"ఖర్చు పెద్దగా ఉండదు. ఏడాదికొక సర్వీసు," అంది నా నోరు. అలవాటైన నోరు.

ఏడాది తరువాత మంచిరోజు చూసుకుని భార్యతో వచ్చాడు. ఆ అమ్మాయికి అయిదో నెల. అరటిపళ్ళు, ఎవరి పెరట్లోవో తమలపాకులు, వాటి మీద నూట పదహారు డాలర్లు పెట్టి నా చేతికిచ్చాడు. రెండు యాభైలు, ఒక పది, ఒక అయిదు, ఒక డాలరు బిళ్ళ. మిగతాది నెలాఖరుకు ఇస్తానన్నాడు. పర్మనెంటు వీసా ఫీజులకు దాచిన డబ్బు, మళ్ళీ దాచుకుంటాడట. తీసుకున్నాను. వెన్ను మీద నుంచి ఇసుక బస్తా దించినట్టు ఉంది నాకు. మా ఆవిడ ఆ డబ్బు దేవుడి పటం దగ్గర పెట్టి వచ్చి, బట్టలు మడతపెడుతూ అడిగింది.

"బిడ్డ పుడితే ఆ కారులో చైల్డ్ సీటు ఎలా పెడతారండీ వాళ్ళు?"

"వాళ్ళిష్టం. వాళ్ళేమన్నా చిన్నపిల్లలా," అన్నాను.

ఆ తరువాతి వారమే గ్రీకు మనిషి బానెట్ మెల్లగా మూశాడు.

నోరు మూసుకుంటే నేను బయటపడతాను, వాడు మునుగుతాడు. ఉద్యోగం, వీసా, పుట్టబోయే బిడ్డ, అన్నీ ఒక్క గేర్‌బాక్స్ కింద పడతాయి. నిజం చెబితే జీవితాంతం ఆ కారుతో నేనే ఉండాలి, పైగా నాలుగేళ్ళు కోసినవి కోతలని ఊరందరికీ తెలుస్తుంది. నాలుగు రోజులు తిండి సయించలేదు. అయిదో రోజు వాణ్ణి పిలిచి, గేర్‌బాక్స్ సంగతి, టైర్ల సంగతి చెప్పాను.

వాడు నవ్వాడు. "దిష్టి తగులుతదని గట్లంటున్నవ్ గదన్నా. మా అమ్మ గూడ అంతే. బర్రె నాలుగు లీటర్లిస్తే రెండే ఇస్తదని చెప్తది."

లేదయ్యా, నిజంగానే అన్నాను. అప్పుడు వాడి నవ్వు తగ్గింది. నేలవైపు చూస్తూ, "ఇయ్య బుద్ధయితలేకుంటే సీదా చెప్పన్నా. నేనేమనుకోను," అన్నాడు.

నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. మనవాళ్ళలో బాగున్నదాన్ని బాగుందని ఎవరు చెబుతారు? జీతమెంతంటే ఏదో వస్తోందంటాం, పిల్ల చదువెలా ఉందంటే పర్లేదంటాం. కాబట్టి నా కోతలన్నీ నమ్మినవాడు నా నిజాన్ని మర్యాద అనుకున్నాడు, ఆ తరువాత పిసినారితనం అనుకున్నాడు. షెడ్డులో ఫైలు తెచ్చి చూపిస్తే సరిపోయేది. కానీ వంటింట్లో మా ఆవిడ ఉంది. ఆ ఫైలు తెరిచే ధైర్యం లేక తాళం తీసి వాడి చేతిలో పెట్టాను.

"వారం నీ దగ్గర ఉంచుకో. ఆఫీసుకు, బియ్యానికి, ఆసుపత్రికి, అన్నిటికీ దీంట్లోనే తిరుగు. చెల్లెమ్మను కూడా దీంట్లోనే తీసుకెళ్ళు. అప్పటికీ కావాలంటే నీదే."

నేను చెప్పలేనిది కారు చేత చెప్పిద్దామనుకున్నాను. అది పిరికితనమే. ఇంకా సిగ్గుపడాల్సిన సంగతేమిటంటే, ఆ వారం కారు బుద్ధిగా ఉండాలని లోపల ఎక్కడో కోరుకున్నాను కూడా.

నాలుగో రోజు మధ్యాహ్నం, కుండపోత వానలో తిరిగొచ్చాడు. నేనూ మా ఆవిడా ఇంట్లోనే ఉన్నాం. చెకప్ కోసం భార్యను ఆసుపత్రికి తీసుకెళ్ళాడట. అక్కడి గుమ్మం ముందు వాలు ఎక్కుతుంటే కారు ముందు భాగం నేలకు గీసుకుపోయిందట, దానికి మొదట క్షమాపణ చెప్పాడు. ఆ తరువాత చెప్పాడు, ఆ అమ్మాయి అంత కిందున్న సీట్లోంచి లేవలేకపోయింది. వెనక కార్లు హారన్లు కొడుతుంటే ఇద్దరు నర్సులు వచ్చి చేతులు పట్టి పైకి లాగారు. అందరి ముందూ ఏడ్చేసిందట. ఇంటికొచ్చే దారిలో స్టీరింగు ముందు ఎర్ర హెచ్చరిక లైటు వెలిగింది, వానలో పక్కన ఆపి గంటసేపు కూర్చున్నారు.

తాళం బల్ల మీద పెట్టి నా మొహంలోకి చూశాడు. "ఎట్ల భరిస్తున్నవన్నా ఇన్నేండ్ల సంది?"

నాలుగేళ్ళలో ఆ మాట నన్ను ఎవరూ అడగలేదు. అడగనివ్వలేదు నేను. "చాలా కష్టంగా ఉందయ్యా," అన్నాను. ఆ తరువాత ఆగలేదు. బిల్లులు, కార్డు, దానిమీద పడుతున్న వడ్డీ, భోజనాల దగ్గర చెప్పిన అబద్ధాలు, అన్నీ చెప్పేశాను. వాడు తలవంచుకుని విన్నాడు. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి విన్నది.

లోపలికి వెళ్ళి దేవుడి పటం దగ్గరి డబ్బు తెచ్చి, ఒక జాకెట్టు ముక్కతో కలిపి అతని చేతిలో పెట్టింది. "అమ్మాయికి నేనిచ్చానని చెప్పు. ఎత్తుగా ఉండే బండి ఏదైనా చూసుకోండి," అంది. గొడుగిచ్చి తన కారులో అతన్ని ఇంటి దగ్గర దింపి వచ్చింది.

తిరిగొచ్చాక చెప్పులు విప్పుతూ, "ఛార్జరు వెనక ఫైలు నేను రెండేళ్ళ కిందటే చూశాను," అంది.

"మరి అడగలేదేం?"

"మీరే చెబుతారని చూశాను. శనివారాలు ల్యాబు మీద ప్రేమతో వెళ్తున్నాననుకున్నారా?"

ఆమె తడిసిన జుట్టు తువ్వాలుతో తుడుచుకుంది. కోపం లేదు గొంతులో, అలసట ఉంది.

"వాడికి చెప్పారు, మంచి పని చేశారు. కానీ ఈ మాటలు వినాలంటే నేను కూడా మీకు నూట పదహార్లు బయానా ఇవ్వాల్సిందా?"